గళ్ళ ఫోను మావయ్యగారు

మావయ్యగారిలో వంక పెట్టడానికి ఉన్నది ఒకటే. తన ఫోనులో ఏది లేకపోతే అది మనిషన్నవాడికి అక్కర్లేదని ఆయన నమ్మకం. నమ్మి ఊరుకుంటే గొడవే లేదు. ఎదుటివాళ్ళచేత కూడా అవుననిపించేదాకా ఆయనకి ముద్ద దిగేది కాదు.

లోకంలో ఫోన్లు రెండు రకాలు. పదిమందిని వరసగా నిలబెడితే పదిమంది చేతుల్లోనూ అయితే అది, కాకపోతే ఇది. మావయ్యగారిది ఈ రెండూ కాని మూడోది. తెర నిండా రంగురంగుల చదరాలు, గళ్ళ దుప్పటి ఆరేసినట్టు. అందుకే ఇంట్లో దాన్ని గళ్ళ ఫోను అనేవాళ్ళు. ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి అంటారు. కోడలు ఆ ఇంట్లో అడుగుపెట్టిన వారానికే ఉలిపికట్టెను కళ్ళారా చూసింది.

ఆ రోజు అందరూ టిఫిన్ల దగ్గర కూర్చున్నారు. మావయ్యగారు ఆప్యాయంగా అడిగారు.

“ఆఫీసులో నువ్వు చేసే పనేమిటమ్మా?”

“ఫోను యాప్‌లు తయారుచేస్తామండీ. మనమెక్కాల్సిన బస్సు ఎక్కడిదాకా వచ్చిందో చూపించే యాప్ మాదే.”

“మన ఫోనులో ఉందా?”

ఆ ‘మన’ అన్నమాటకి కోడలు మురిసిపోయి, ఆయన ఫోను తీసుకుని వెతికింది. “లేదండీ మావయ్యగారూ.”

“పోనీలే. బస్సు కోసం కాసేపు నిలబడితే కాళ్ళకి మంచిది.”

కోడలు నవ్వింది. అత్తగారు నవ్వలేదు. ఆవిడ ఏళ్ళ తరబడి వింటున్నారు. ఆటలు లేవంటే కళ్ళకి మంచిది అంటారు. క్రికెట్ స్కోరు రాదంటే గుండెకి మంచిది అంటారు. ఫొటోలు మసగ్గా వస్తున్నాయంటే, “ముడతలు కనబడకుండా తీసే ఫోను ఇంకోటి చూపించు!” అని సవాలు చేస్తారు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు అనేవాళ్ళు చాలామంది ఉంటారు. ఆ మూడు కాళ్ళతోనే అది ఎక్కువ పరిగెడుతుందని వాదించేవారు మాత్రం మావయ్యగారొక్కరే.

అయినా మనసులో ఎక్కడో కలుక్కుమన్నట్టుంది. మర్నాడు కోడలు చెప్పులేసుకుంటుంటే దగ్గరికొచ్చి, “మీవాళ్ళు మన ఫోనుకి కూడా చెయ్యొచ్చుగా. ఒకమాట అడిగి చూడు,” అన్నారు.

ఆమె మేనేజరుని అడిగింది. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, “ఆ ఫోను ఎవరెవరి దగ్గరుంది?” అన్నాడు.

“మా మావయ్యగారి దగ్గరుందండీ.”

“ఇంకా?”

కోడలు చాలాసేపు ఆలోచించింది. మేనేజరు జాలిపడి, “జనం ఉంటే చేద్దాంలే,” అన్నాడు.

సాయంత్రం ఆ కబురు వినగానే మావయ్యగారు లేచి నిలబడ్డారు. “యాప్‌లుంటే కదమ్మా జనం వచ్చేది!”

“జనం వస్తే కదండీ మావాళ్ళు చేసేది!”

వంటింట్లోంచి అత్తగారి గొంతు వినిపించింది. “పిచ్చి కుదిరితేగానీ పెళ్ళి కాదు, పెళ్ళయితేగానీ పిచ్చి కుదరదు. ఇంతేగా? ఈ మాత్రం దానికి మీ కంపెనీలో అంతమంది ఎందుకే?”

ఆఫీసులో మూడు మీటింగులు పెట్టుకుని, గోడమీద బొమ్మలు గీసుకుని తేల్చిన సంగతిని అత్తగారు గరిటె కింద పెట్టకుండానే తేల్చేశారు.

మావయ్యగారు అంతటితో వదల్లేదు. నెలకొక అర్జీ రాసి కోడలిచేత మేనేజరుకి పంపడం మొదలుపెట్టారు. ఆయనది కళ్ళజోళ్ళ షాపు. ముప్ఫయ్యేళ్ళుగా గోడమీద అక్షరాల పలక చూపించి చూపు పరీక్ష చేస్తున్న మనిషి కదా, రాతకి కూడా అదే అలవాటైపోయింది. మొదటి వరస జానెడంత ఉంటుంది. కిందికొచ్చేకొద్దీ అక్షరాలు చిన్నవవుతాయి. అసలు విన్నపం ఉండేది అట్టడుగు వరసలో.

“మీ మేనేజరు చదివాడా?”

“ముక్కు దగ్గర పెట్టుకుని చదివారండీ.”

“ఎన్నో వరసదాకా వచ్చాడు?”

“ఐదో వరస దగ్గర ఆగిపోయారు.”

“దగ్గరచూపు పోతోందన్నమాట. పంపించు.”

మేనేజరు వచ్చాడు, పరీక్ష చేయించుకున్నాడు, కళ్ళజోడు పెట్టుకున్నాడు. ఆ కళ్ళజోడుతో అర్జీని ఆఖరి వరసదాకా హాయిగా చదివి, కుదరదని జవాబు రాశాడు.

కుటుంబం మొత్తానికి ఫోన్లలో ఒక గ్రూపు ఉంది. గళ్ళ ఫోనులో ఆ గ్రూపు రాదు కాబట్టి అందులో లేనిది మావయ్యగారొక్కరే. రోజూ సాయంత్రం అత్తగారు రేడియోలో వార్తలు చదివినట్టు మెసేజీలన్నీ చదివి వినిపించేవారు. ఆయన కళ్ళు మూసుకుని విని జవాబులు చెప్పేవారు.

“మీ తమ్ముడు జోకు పెట్టాడండీ. నవ్వే మొహం పెట్టనా?”

“రెండు పెట్టు. వాడి జోకుకి రెండు చాలు.”

ఒకసారి మావయ్యగారికీ అత్తగారికీ మాటామాటా పెరిగింది. ఆ మర్నాడు ఉదయం ఆరింటికి తమ్ముడు గుమ్మంలో నిలబడి, “పద అన్నయ్యా, లారీ వచ్చేసింది,” అన్నాడు. తమ్ముడు ఇల్లు మారుతున్నాడు. సామానంతా మూడో అంతస్తుకి తానే మోసుకొస్తానని మావయ్యగారు రాత్రి గ్రూపులో మాటిచ్చారట. పైగా లిఫ్టు వద్దు, మెట్లమీంచే మోస్తానన్నారట. పక్కన కండలు చూపించే బొమ్మ కూడా ఉంది. ఆయన వెనక్కి తిరిగి భార్యవైపు చూశారు. ఆవిడ తాపీగా పూలమొక్కలకి నీళ్ళు పోసుకుంటున్నారు.

ఇక ఆ ఫోనులో దారి చూపించే మ్యాపు సంగతి. అది కొత్త రోడ్లు ఎరగదు. అత్తగారి అన్నయ్య కొత్తగా ఇల్లు కట్టుకుంటే, చూసి వద్దామని నలుగురూ కార్లో బయల్దేరారు. కొడుకు తన ఫోను తియ్యబోతే మావయ్యగారు చెయ్యి అడ్డం పెట్టారు. గంట తరవాత కారు ఒక చెరువు గట్టుమీద ఆగింది. ముందు నీళ్ళు. వెనక దుమ్ము.

“మ్యాపు ప్రకారం మీ అన్నయ్య ఇల్లు ఇక్కడే ఉండాలి,” అన్నారు మావయ్యగారు.

“మా అన్నయ్యేమైనా చేపా?” అన్నారు అత్తగారు.

“ఇంత చక్కటి గాలి ఆ ఫోన్లవాళ్ళకి దొరుకుతుందా? వాళ్ళని తిన్నగా ఇంటికి తీసుకుపోతుంది. ఏం లాభం?”

షాపులో ఆయన ప్రచారం ఇంకో రకం. చూపు పరీక్ష యంత్రానికి గడ్డం ఆనించి కూర్చున్నవాడు లేచి పారిపోలేడు. “గడ్డం కదపకండి” అని మొదలుపెట్టి, ఒక చేత్తో అద్దాలు మారుస్తూ రెండో చేత్తో ఫోను చూపించేవారు.

“ఇప్పుడు చెప్పండి. ఇది బాగుందా, ఇందాకటిది బాగుందా?”

“ఏదండీ? అద్దమా, ఫోనా?”

ఇంత చేసినా ఆయన మాట విని గళ్ళ ఫోను కొన్నది ఒక్కరే. ఎవరని అడిగితే, “ఉన్నార్లే, తెలివైనవాళ్ళు,” అని మాట దాటేసేవారు. ఆ ఒక్క అమాయక ప్రాణి ఎవరా అని ఇంట్లో అందరూ పందేలు వేసుకునేవారు.

అలా ఉండగా, గళ్ళ ఫోను కంపెనీ చేతులెత్తేసిందనీ, ఇక ఆ ఫోన్లు తయారు చెయ్యదనీ పేపర్లో వచ్చింది. ఇంట్లో అందరూ మొహాలు దించుకున్నారు, నవ్వు కనబడకుండా. మావయ్యగారు ఆ వార్త రెండుసార్లు చదివి పేపరు మడిచారు. “మంచిదే. ఇంక కొత్తగా ఏ మార్పూ రాదు. దేని చోటూ మారదు. చోటు మారకపోవడమే ముఖ్యం,” అన్నారు. ఎప్పటి వాదనే. కానీ గొంతులో ఎప్పటి జోరు లేదని కోడలికి అనిపించింది.

రెండు వారాల తరవాత ఆయన ఫోను షాపులో అద్దాలు కడిగే తొట్టిలో పడింది. తీసి తుడిచి బియ్యం డబ్బాలో పెట్టారు. మూడు రోజులైనా అందులో వెలుగు రాలేదు. ఇంట్లోవాళ్ళకి పీడ విరగడైనట్టే ఉంది. కొడుకు ఆ సాయంత్రమే కొత్త ఫోను తెచ్చాడు. అత్తగారు గ్రూపులో ఆయన పేరు చేర్పించడానికి చేతులు తుడుచుకుని మరీ కూర్చున్నారు. మావయ్యగారు పెట్టె మూత కూడా తియ్యలేదు. అన్నం కెలికి లేచిపోయారు. మర్నాటినించి పాత ఫోన్లు బాగుచేసే దుకాణాలన్నీ తిరగడం మొదలుపెట్టారు. ఎక్కడా అలాంటిది దొరకలేదు.

“ఫోను పోతే ఇంత దిగులేమిటే? నేను పుట్టింటికెళ్ళినప్పుడు కూడా రెండుపూటలా తిన్నారు,” అని అత్తగారు కోడలి దగ్గర వాపోయారు.

ఆ వారంలో కోడలికి ఒకరోజు సెలవు దొరికింది. మావయ్యగారికి క్యారియరు పట్టుకుని తానే షాపుకి వెళ్ళింది. ఇంకా పదకొండున్నర కాలేదు. ఆయన లోపల ఎవరికో కళ్ళజోడు సరిచేస్తున్నారు. బల్లమీదున్న పాతకాలపు ఫోను మోగితే ఆమే ఎత్తింది.

“తమ్ముడూ, పచ్చ గడి కనబడ్డంలేదు,” అంది ఒక ముసలి గొంతు.

“ఎవరండీ?”

“తమ్ముడు లేడా? గళ్ళన్నీ అటూ ఇటూ అయిపోయినయ్ అని చెప్పమ్మా. పొద్దున లేచేసరికి ఇలా ఉంది. ఆస్పత్రివాళ్ళు ఇవాళ పన్నెండులోపు ఫోను చేస్తామన్నారు. మోగిందో లేదో కూడా తెలీట్లేదు.”

మావయ్యగారు చేతిలో కళ్ళజోడు అలాగే పట్టుకుని పరిగెత్తుకొచ్చారు. ఫోను లాక్కుని, “అక్కయ్యా, కంగారు పడకండి. మీ బొటనవేలు పైన ఎడం మూలకి పెట్టండి,” అన్నారు. అలవాటుగా ఎడంచెయ్యి చొక్కా జేబులోకి వెళ్ళింది. జేబు ఖాళీ. ఆయన కళ్ళు మూసుకున్నారు. “ఇప్పుడు కింద… కాదు, దాని పక్కది… మీకేం వచ్చింది?” అటునుంచి ఏం జవాబొచ్చిందో గానీ ఆయన కళ్ళు తెరిచేశారు. “వస్తున్నా, అక్కడే ఉండండి,” అని పెట్టేశారు.

వచ్చినాయన్ని కళ్ళజోడు లేకుండానే షాపులో కూర్చోబెట్టి, మావాకోడళ్ళు రోడ్డెక్కారు. మావయ్యగారు అంత వేగంగా నడవగలరని కోడలికి అప్పుడే తెలిసింది.

రెండు వీధుల అవతల చిన్న ఇల్లు. కిటికీ పక్కన కుట్టుమిషను, దానిమీద తెల్లటి గుడ్డ. గోడకి రంగుల వరసలో దారపు ఉండలు. ఒకప్పుడు ఆ పేటలో సగంమందికి బట్టలు కుట్టిన టైలరమ్మ ఆవిడ. కోడలు లోపలికి రాగానే మొహం పక్కకి తిప్పి, కంటి చివరనించి చూసింది.

“ఇలా చూస్తున్నానని ఏమీ అనుకోకమ్మా. నా చూపుకి మధ్యలో చిల్లుపడింది. మనిషికేసి తిన్నగా చూస్తే మనిషి ఉండదు. అంచులే కనబడతాయి.”

కోడలు ఫోను అందుకుంది. గళ్ళ ఫోను! ఇంట్లో పందేలు కాసిన ఆ ఒక్క ప్రాణి ఎదురుగా నిలబడి ఉంది. తెరమీద నాలుగు మూలలా పెద్దపెద్ద గళ్ళు ఉండాల్సిన చోట ఇప్పుడు చిన్న చిన్న గళ్ళు నడిమధ్యకి వచ్చి పడ్డాయి. కంపెనీ పోతూపోతూ ఆఖరి మార్పొకటి పంపింది. దాంతో వరసలన్నీ కలగాపులగం అయిపోయాయి. వాటిని తడుముకుంటూ ఆవిడ ఎక్కడో నొక్కేసరికి శబ్దం కూడా ఆగిపోయింది.

“ఆస్పత్రినించి రెండుసార్లు చేశారు మావయ్యగారూ! పదీ నలభైకి ఒకసారి, పదకొండూ పదికి ఒకసారి.”

మావయ్యగారు ఫోనుమీదికి వంగారు. “ఉన్న చూపైనా నిలబెట్టే ఇంజెక్షనమ్మా అది. నాలుగు నెలల్నించి కాచుకుని ఉంది. ఎత్తకపోతే వరసలో తరవాతివాళ్ళకి ఇచ్చేస్తారు.”

కోడలు ఆ నంబరుకి తిరిగి చేసింది. ఖాళీ లేదు. మళ్ళీ చేసింది. ఖాళీ లేదు. టైలరమ్మ కుట్టుమిషను అంచు గట్టిగా పట్టుకుంది. మావయ్యగారు గోడగడియారం వైపు చూడకుండా ఉండటానికి దారపు ఉండలు లెక్కపెడుతున్నారు. ఐదోసారి ఎవరో ఎత్తారు. కోడలు గబగబా సంగతంతా చెప్పింది. అటువైపు కాగితాలు తిప్పిన చప్పుడు. ఆ తరవాత ఒక ఆడగొంతు విసుగ్గా, “ఇంకో ఐదు నిమిషాలైతే వేరేవాళ్ళ పేరు రాసేసేదాన్ని. రేపు తొమ్మిదింటికి రమ్మనండి. ఆలస్యం చెయ్యొద్దు,” అంది.

అంత కమ్మటి విసుగు కోడలు జన్మలో వినలేదు. ఆ మాట పైకి చెప్పగానే మావయ్యగారు మిషను ముందున్న స్టూలుమీద కూలబడ్డారు. కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచారు, పెట్టుకున్నారు, మళ్ళీ తీసి తుడిచారు. టైలరమ్మ, “ఏడవకు తమ్ముడూ, చూపు పోయేది నాకు,” అని ఆయన వీపు నిమిరింది.

ఆవిణ్ని ఆస్పత్రికి తీసుకెళ్ళడానికి ఉదయం ఎనిమిదింటికే వస్తామని చెప్పి బయటికొచ్చాక కోడలు అడిగింది. “ఇదాండీ మీరు ఫోను మార్చకపోవడానికి కారణం?”

“ఆవిడ చూపుకి అద్దాలు పనికిరావమ్మా. ఆ సంగతి ఆవిడకి చెప్పాల్సినవాణ్ని నేనే అయ్యాను. ఉత్తచేతులతో పంపబుద్ధి కాలేదు. అంచుల్లో పెద్ద గళ్ళు పెట్టుకోవడం అప్పట్లో ఈ ఫోనులోనే కుదిరేది. కూతురు ఎర్ర గడి, ఆస్పత్రి పచ్చ గడి, నేను పసుపు గడి. ఎక్కడైనా చిక్కుకుంటే ఇంట్లోని ల్యాండ్‌లైనునించి షాపుకి చేస్తుంది. నేను నా ఫోను చేత్తో పట్టుకుని, ఆవిడ నొక్కిందల్లా నొక్కుతూ దారి చెప్తాను. నా చేతిలోనూ అదే ఉంటేనే కదా చెప్పగలిగేది? నేనే దగ్గరుండి కొనిపించి, నేనే వదిలేసి పోతే ఏం బావుంటుంది?”

“మరి ఇంట్లో ఒక్కమాటైనా చెప్పలేదేం?”

“చెప్తే మీ అత్తయ్య నన్ను వెక్కిరించడం మానేసి జాలిపడేది. ఆవిడ జాలిపడితే నేను తట్టుకోలేనమ్మా.”

ఇంజెక్షను సవ్యంగా అయింది. ఆ వారమూ పై వారమూ సెలవురోజుల్లో కోడలు గదిలోంచి కదల్లేదు. జనం ఉంటేగానీ యాప్ చెయ్యం అన్న కంపెనీలో పనిచేసే మనిషి, ఒకే ఒక్కరి కోసం యాప్ రాసింది. అది పెడితే ఎవరి ఫోనైనా సరే, తెర నాలుగు మూలలా నాలుగు గళ్ళు వస్తాయి. ఎరుపు, పచ్చ, పసుపు, నీలం. నడుమ ఏమీ ఉండదు. ఏ మార్పొచ్చినా వాటి చోటు కదలదు. కొడుకు తెచ్చిన ఫోను పెట్టె అప్పటికి తెరుచుకుంది. అలాంటిదే ఇంకోటి కొని టైలరమ్మ ఇంటికి పట్టుకెళ్ళారు.

ఆవిడ ఫోను అందుకుని మొహం పక్కకి తిప్పింది. బొటనవేలు తడుముకోకుండా కుడివైపు కింది మూలకి వెళ్ళింది. మావయ్యగారి జేబులో కొత్త ఫోను మోగింది. ఎదురుగా రెండడుగుల దూరంలో ఉన్నా ఆయన ఫోను ఎత్తి చెవి దగ్గర పెట్టుకుని, “చెప్పండి అక్కయ్యా,” అన్నారు. “వినబడుతున్నావు తమ్ముడూ,” అంది ఆవిడ. ఇద్దరూ అలా ఫోన్లో క్షేమసమాచారాలన్నీ మాట్లాడుకున్నారు.

మావయ్యగారు చెప్పులేసుకోవడానికి బయటికి వెళ్ళగానే టైలరమ్మ కోడలి చెయ్యి పట్టుకుని దగ్గరికి లాగింది.

“నీకో మాట చెప్తాను, మీ మావయ్యకి చెప్పకు. మా అమ్మాయి రెండేళ్ళ కిందటే ఇంకో ఫోను పంపింది. అందులో నొక్కే పనే లేదు. పేరు పైకంటే చాలు, అదే కలుపుతుంది. తీసి అలమరలో పెట్టేశాను.”

“అయ్యో, ఎందుకండీ?”

“ఈ గళ్ళ ఫోను ఊళ్ళో ఇంకెవరూ కొనలేదట కదమ్మా. నేనూ వదిలేస్తే పాపం ఒక్కడైపోతాడు.”

కోడలు పెదవి కొరుక్కుని గుమ్మం దాటింది. సందు మలుపు తిరిగాక మావయ్యగారు, “ఏమంటోంది అక్కయ్య? పాత ఫోను కోసం బెంగ పెట్టుకుందా?” అన్నారు.

“లేదండీ. హాయిగానే ఉన్నారు.”

ఆయన ఆగి, గుండెల నిండా గాలి పీల్చి వదిలారు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు. “నిజం చెప్పనా అమ్మాయ్? ఆ దిక్కుమాలిన ఫోనంటే నాకు రెండో ఏడే విసుగొచ్చేసింది.”

కోడలు నడిరోడ్డుమీద నిలబడి, పొట్ట పట్టుకుని, కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది. ఎందుకు నవ్వుతోందో ఎన్నిసార్లు అడిగినా చెప్పలేదు. చివరికి అడగడం మానేసి ఆయన కూడా నవ్వడం మొదలుపెట్టారు.